ఆస్టియోపతికి వెళ్తున్నారా? బల్ల ఎక్కే ముందు నుంచి ఇంటికి వచ్చాక దాకా

నడుము పట్టేసి నెల దాటినా తగ్గలేదంటే మా హైదరాబాద్‌లో ఎవరో ఒకరు మీకు ఒక ఫోన్ నంబరు ఇస్తారు. "మా ఆఫీసులో ఒకాయనకి ఇలాగే ఉండేది. చేత్తోనే సెట్ చేస్తారట, మందులు కూడా ఉండవట" అని. నాకూ అలాగే ఇచ్చారు. ఏం తీసుకెళ్లాలి, ఏం వేసుకోవాలి, నొప్పి పుడితే ఆపమనొచ్చా, ఎన్నిసార్లు వెళ్లాలి, ఒక్కదానికీ జవాబు తెలియకుండానే బల్ల ఎక్కాను. నేను వెళ్లింది నడుము నొప్పికి. ఆయన చెప్పాపెట్టకుండా నా మెడ పట్టుకుని ఒక్కసారిగా తిప్పారు. టక్కుమంది. అపాయమేమీ జరగలేదు కానీ ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

కొన్నాళ్లకు వేరే చోట ఒకావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ప్రతిదీ చెప్పి, అడిగి, సరే అన్నాకే చేశారు. అప్పుడు అర్థమైంది, నేను మొదటిసారే ఇవన్నీ అడిగి ఉండాల్సిందని. మీరు అలా తెలియక వెళ్లకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఇదేమిటో తెలుసుకోండి

ఎముకలు, కీళ్లు, కండరాలకు చేతులతో చేసే చికిత్స ఆస్టియోపతి. ఇది అమెరికాలో పుట్టింది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడి పిల్లలు ముగ్గురు 1864లో మెనింజైటిస్‌తో చనిపోయారు. అప్పటి మందుల మీద ఆయనకు నమ్మకం పోయింది. ఎముకలు, కీళ్లు, కండరాలు సరిగ్గా కదిలితే ఒళ్లు తనను తానే బాగుచేసుకుంటుందన్న ఆలోచనతో 1874లో ఈ పద్ధతిని ప్రకటించారు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో దీనికోసం కాలేజీ పెట్టారు. ఆయన చెప్పినవన్నీ ఇవాళ నిలబడవు. ఒక చోట నొప్పి ఉంటే దాని చుట్టుపక్కల కూడా చూడాలన్న మాట మాత్రం నిలబడింది.

ఈ పేరు అన్ని దేశాల్లో ఒకటే అర్థం ఇవ్వదు. అమెరికాలో ఆస్టియోపతిక్ డాక్టర్లు మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. బ్రిటన్‌లో 1993 చట్టం ప్రకారం రిజిస్టరులో పేరున్నవాళ్లే ఆస్టియోపాత్ అని చెప్పుకోవాలి, వాళ్ల పని ఎక్కువగా చేతి చికిత్సే. మన దేశంలో ఆస్టియోపతికంటూ విడిగా అలాంటి చట్టం లేదు. హైదరాబాద్‌లో ఆ బోర్డు పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఫిజియోథెరపీ చదివి, ఆపైన ఈ శిక్షణ తీసుకున్నవాళ్లు. ఏమీ చదవకుండా బోర్డు పెట్టినవాళ్లు కూడా ఉండొచ్చు. కాబట్టి విచారించుకోవాల్సింది మనమే.

ఇది పుత్తూరు కట్టు లాంటిది కాదు, విరిగిన ఎముకలు కట్టరు. ఉత్త మసాజ్ కూడా కాదు.

మొదటి పని: మీ నొప్పి చేతి చికిత్సకు తగినదేనా?

ఇక్కడ తొందరపడకండి. నడుము నొప్పుల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే, కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే బల్ల ఎక్కకూడదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

మూత్రం ఆగిపోతున్నా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోతున్నా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్నెముక కింది చివర ఉన్న నరాల కట్ట నలుగుతోందని దానర్థం కావచ్చు. ఆలస్యమైన కొద్దీ నష్టం శాశ్వతమవుతుంది. పాదం పైకి లేవక, నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోతున్నా వాయిదా వేయొద్దు.

సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నడుము నొప్పి, ఇవి కలిసి ఉంటే వెన్నుపూసకు టీబీ ఏమో చూడాలి. మన దగ్గర టీబీ ఇంకా పోలేదు. టీబీతో గుల్లబారిన వెన్నుపూస మీద గట్టిగా నొక్కితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉన్నా, బైక్ మీంచి పడ్డాక నొప్పి మొదలైనా, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నా ముందు డాక్టరే. ఛాతీ బరువుగా ఉండి ఎడమ చెయ్యి లాగుతుంటే అది కండరం పట్టేయడమని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు.

ఇవేవీ లేకపోతే, కూర్చుని లేవగానే పట్టేసే నడుము, కంప్యూటర్ ముందు బిగుసుకుపోయే మెడ, మూపు నొప్పి, మెడ నుంచి పుట్టే తలనొప్పి లాంటి వాటికి చేతి చికిత్స ప్రయత్నించవచ్చు.

రెండో పని: ఎవరి దగ్గరికి?

అపాయింట్‌మెంట్ తీసుకునే ఫోన్‌లోనే నాలుగు ప్రశ్నలు అడగండి. మీ డిగ్రీ ఏమిటి? ఆస్టియోపతి ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతకాలం? మొదటి సిట్టింగ్ ఎంతసేపు? అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారా? పేరు ముందు డాక్టర్ అని ఉన్నంత మాత్రాన ఎంబీబీఎస్ అనుకోవద్దు. బీపీటీ అంటే మన దగ్గర నాలుగున్నరేళ్ల ఫిజియోథెరపీ చదువుగా ఉంటూ వచ్చింది, దానికి గౌరవం ఇవ్వాల్సిందే. ఫిజియోథెరపిస్టులు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తారు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆస్టియోపతి శిక్షణ ఎలా ఉండాలో ఒక ప్రమాణం ప్రచురించింది. వైద్య చదువు ముందుగా లేనివాళ్లకు దాదాపు 4200 గంటల శిక్షణ, అందులో కనీసం 1000 గంటలు అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో రోగులను చూడటం ఉండాలంటుంది. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ రెండు రోజుల వర్క్‌షాపుదా, ఇలాంటిదా అని అడగడంలో తప్పేమీ లేదు. బాగా చదివినవాళ్లు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

"ఒక్క సిట్టింగ్‌లో డిస్క్ లోపలికి నెట్టేస్తా" అన్నవాళ్ల దగ్గరికి వెళ్లకండి. డిస్క్‌ను చేత్తో లోపలికి తొయ్యడం కుదరదు. బయటికి వచ్చిన భాగాన్ని చాలామందిలో ఒళ్లే నెలల మీద కరిగించుకుంటుంది. షుగర్, థైరాయిడ్, ఆస్తమా కూడా తగ్గిస్తామనేవాళ్లు, డాక్టరు రాసిన మందులు ఆపేయమనేవాళ్లు, చూడకముందే 20 సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టమనేవాళ్లు, వీళ్లకూ దూరంగా ఉండండి.

మూడో పని: సంచిలో ఏం పెట్టుకోవాలి

వాడుతున్న మందుల చీటీ తప్పకుండా. ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు, స్టెరాయిడ్లు, ఎముకల మందులు. ఎక్స్‌రే, ఎంఆర్ఐ ఉంటే తీసుకెళ్లండి, లేకపోతే దీనికోసమని కొత్తగా తీయించకండి.

ఎంఆర్ఐ రిపోర్టు గురించి ఒక మాట. "డిస్క్ బల్జ్", "డిస్క్ అరుగుదల" అని చదవగానే మనకి కాళ్లూ చేతులూ ఆడవు. నొప్పే లేని మనుషుల ఎంఆర్ఐలను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్క వేశారు. 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందిలో డిస్క్ అరుగుదల కనిపించింది, 80 ఏళ్లకు 96 శాతం మందిలో. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు. నెరిసిన జుట్టు లాంటిదే అది. మీ నొప్పికి అదే కారణమా అన్నది మిమ్మల్ని పరీక్షించి చెప్పాలి, కాగితం చూసి కాదు.

బట్టలు వదులుగా ఉండాలి. చీర కట్టుకుని వెళ్తే పడుకోవడం, కాలు మడవడం అన్నీ ఇబ్బందే, చుడీదార్ గానీ టీషర్టు, ప్యాంటు గానీ మేలు. వీపు చూడాల్సి వస్తే దుప్పటి కప్పి, అవసరమైన చోటు వరకే తీస్తారు. బట్టలు విప్పడం ఇష్టం లేకపోతే బట్టల మీదుగా చేయమనండి, చాలా పద్ధతులు అలాగే చేయొచ్చు. ఆడవాళ్లు ఆడ థెరపిస్టు కావాలని అడగొచ్చు, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. దీనికి మొహమాటపడొద్దు. వెళ్లేముందు గంటన్నర, రెండు గంటల్లో కడుపు నిండా బిర్యానీ తినకండి. బోర్లా పడుకోవాల్సి వస్తుంది.

నాలుగో పని: మాట్లాడటం

మొదటి సిట్టింగ్ సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట. అందులో సగం మాటలకే పోతే కంగారు పడకండి, అది మంచి గుర్తు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, రాత్రి లేపుతుందా, పాత ఆపరేషన్లు, ప్రసవాలు, ఉద్యోగం, నిద్ర అన్నీ అడుగుతారు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో నిలబడి వెళ్లే మనిషి నడుము వేరు, మెహిదీపట్నంలో రోజంతా ఆటో నడిపే మనిషి నడుము వేరు.

"ఏం చేయలేకపోతున్నారు?" అని అడిగితే "నొప్పి తగ్గాలి" అని ఆపేయకండి. కింద కూర్చుని అన్నం తినలేకపోతున్నాను, 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తలేకపోతున్నాను, ఇలా చెప్పండి. మా అత్తమ్మను తీసుకెళ్లినప్పుడు ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఆషాఢంలో బోనం ఎత్తాలి" అన్నారు. థెరపిస్టు దాన్నే కాగితం మీద రాసుకున్నారు.

తర్వాత నిలబెట్టి చూస్తారు, వంగమంటారు, పక్కకు తిరగమంటారు, ఒంటికాలి మీద నిలబడమంటారు. చిన్న సుత్తితో మోకాలి మీద తట్టి, పాదాల మీద తాకి నరాలు పరీక్షిస్తారు. నడుము అని చెబితే చీలమండ చూస్తున్నారేమిటి అనిపిస్తుంది. నడక ఎక్కడ దారి తప్పిందో వెతుకుతున్నారు. వేళ్లతో తడుముతూ నాలుగు విషయాలు చూస్తారు. ఎక్కడ తాకితే నొప్పి ఉంది, కుడి ఎడమల్లో తేడా ఉందా, ఏ కీలు సరిగ్గా కదలడం లేదు, ఏ కండరం బిగుసుకుని ఉంది. ఇదయ్యాక ఏం అర్థమైందో, ఏం చేయబోతున్నారో చెప్పాలి. చెప్పకపోతే అడగండి.

ఐదో పని: బల్ల మీద

మొదట కండరాల మీద నెమ్మదిగా పనిచేస్తారు. పిసకడం, సాగదీయడం, ఒకే చోట వత్తి పట్టుకోవడం. తీయటి నొప్పి అంటాం కదా, అది ఉండొచ్చు. పళ్లు బిగబట్టి ఓర్చుకోవాల్సిన నొప్పి ఉండకూడదు. 10కి ఎంత అని మనసులో లెక్క పెట్టుకుని, 5 దాటితే చెప్పేయండి. ఎంత గట్టిగా నొక్కితే అంత గుణం అన్నది మన భ్రమ.

తర్వాత కీళ్లను వాటి పరిధిలోనే మెల్లగా ఊపుతారు. తొడ పట్టుకుని గుండ్రంగా తిప్పడం, భుజాన్ని ఆడించడం. హాయిగానే ఉంటుంది.

మీతోనే పని చేయించే పద్ధతి ఒకటి ఉంది, నాకు బాగా నచ్చింది అదే. మీ కాలు ఒక కోణంలో పట్టుకుని "నా చేతికి ఎదురు మెల్లగా తొయ్యండి" అంటారు. ఐదారు సెకన్లు తోస్తారు, వదులుతారు, అప్పుడు కాలు ఇంకొంచెం దూరం వెళ్తుంది. మళ్లీ తోస్తారు. బలమంతా పెట్టక్కర్లేదు. మా అత్తమ్మకు ఎముకలు పలచబడ్డాయని స్కాన్‌లో ఉంది. అందుకని ఆవిడకు కుదుపు పద్ధతులేవీ వాడలేదు, ఇలాంటివే చేశారు.

ఇంకోటి, నొప్పిగా ఉన్న బిందువు మీద వేలు పెట్టి, ఒంటిని నొప్పి మాయమయ్యే భంగిమలోకి మడిచి 90 సెకన్లు కదలకుండా ఉంచడం. ఏమీ చేయడం లేదేమో అనిపిస్తుంది. ఆ కండరం వదులయ్యే దాకా ఆగుతున్నారు.

తల చుట్టూ మెత్తగా చేతులు పెట్టి పుర్రె ఎముకల కదలికను సరిచేస్తామనే పద్ధతి, పొట్ట మీద నొక్కి లోపలి అవయవాలను సర్దుతామనే పద్ధతి కూడా ఉన్నాయి. వీటికి గట్టి ఆధారాలు దొరకలేదు. సేద తీరినట్టు ఉండొచ్చు, కానీ వాటికోసమని నేనైతే డబ్బు పెట్టను.

ఆ టక్కుమనే శబ్దం, మెడ సంగతి

కొందరు వెన్ను కీలును ఒక చివరికి తీసుకెళ్లి, అక్కడ చిన్నగా, చాలా వేగంగా ఒక కుదుపు ఇస్తారు. అప్పుడు టక్కుమంటుంది. ఎముక పక్కకు తప్పి మళ్లీ సర్దుకున్న శబ్దం కాదది. మనం మెటికలు విరిచినప్పుడు వచ్చేదే. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి తగ్గి వాయువు బుడగ ఏర్పడుతుంది. 2015లో వేలి కీళ్లను ఎంఆర్ఐలో పెట్టి లాగి చూస్తే ఆ ఖాళీ ఏర్పడటం కనిపించింది. శబ్దం రాకపోయినా చికిత్స విఫలమైనట్టు కాదు.

నడుముకు ఈ కుదుపు చాలామందికి సరే. మెడ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల్లోని రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. మెడను వేగంగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చీలి, గడ్డకట్టి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. చాలా అరుదు. కానీ జరిగితే జీవితమే మారిపోతుంది. 2022లో హైదరాబాద్‌లోనే ఒక 50 ఏళ్ల మహిళకు పార్లర్‌లో మెడ వెనక్కి వంచి తల కడిగించుకున్నాక పక్షవాత లక్షణాలు వచ్చాయని ఆమెను చూసిన న్యూరాలజిస్టు చెప్పారు. సెలూన్‌లో క్షవరం అయ్యాక తల పట్టుకుని రెండు వైపులా విరుస్తారే, దయచేసి ఇక నుంచి వద్దని చెప్పండి. మీ ఇంట్లో మగవాళ్లకూ చెప్పండి.

థెరపిస్టు మెడ మీద చెయ్యి వేసే ముందు ఈ మాటలు అనండి: "మెడ తిప్పే ముందు నాకు చెప్పండి. కుదుపు వద్దు, మెల్లగా చేసేవే చేయండి." మెడ నొప్పికి మెల్లటి పద్ధతులు, వ్యాయామాలు ఉన్నాయి కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. కీళ్లవాతం అంటే రుమటాయిడ్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, ఎముకలు పలచబడినవాళ్లు మెడ కుదుపుకు అసలు ఒప్పుకోవద్దు. గర్భిణులు ముందే చెప్పాలి, పక్కకు తిరిగి పడుకోబెట్టి చేస్తారు.

మధ్యలో ఎప్పుడైనా "ఆపండి" అనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు.

ఆరో పని: ఇంటికి వచ్చాక

లేవగానే ఒకటి రెండు నిమిషాలు బల్ల మీదే కూర్చోండి, కొందరికి తల తేలికగా తిరిగినట్టు ఉంటుంది. కుదిరితే ఆ రోజు బైక్ మీద గుంతలు, స్పీడ్ బ్రేకర్ల మీదుగా ఎగురుతూ రావొద్దు. ఆ సాయంత్రం, మర్నాడు ఒళ్లు నొప్పులు, అలసట, చేసిన చోట పచ్చిగా ఉండటం మామూలే. చేతి చికిత్స తర్వాత సగం మంది దాకా ఇలాంటి చిన్న ఇబ్బందులు చెబుతారు, ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లో పోతాయి. వేడి కాపడం, మామూలు నడక చాలు. రోజంతా మంచం మీద పడుకోవద్దు.

కానీ ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తలనొప్పి, మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం, నడుస్తుంటే తూలడం, వీటిలో ఏది వచ్చినా థెరపిస్టుకు ఫోన్ చేసి సలహా అడుగుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. మెడకు ఏం చేశారో ఆసుపత్రిలో తప్పకుండా చెప్పండి.

ఏడో పని: ఎన్ని సిట్టింగులు, ఎప్పుడు ఆపాలి

ఎంత ఆశ పెట్టుకోవచ్చో ఉన్నదున్నట్టు చెబుతాను. 1999లో అమెరికాలో నడుము నొప్పి రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో ఆస్టియోపతి చేయించుకున్నవాళ్లూ, మామూలు వైద్యం తీసుకున్నవాళ్లూ దాదాపు ఒకేలా కోలుకున్నారు, మొదటివాళ్లకు మందులు తక్కువ పట్టాయి. 2021లో ఫ్రాన్స్‌లో ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూస్తే మేలు కనిపించింది కానీ చాలా చిన్నది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2016లో నడుము నొప్పికి చేతి చికిత్సను ఒప్పుకున్నాయి, వ్యాయామంతో కలిపి చేస్తేనే. నా అనుభవం కూడా అదే. చేతులు నొప్పిని కొన్ని రోజులు తగ్గిస్తాయి. ఆ రోజుల్లో మీరు కదిలితే, వ్యాయామం మొదలుపెడితే నిలబడుతుంది. ఇంట్లో చేయడానికి ఏమీ నేర్పని థెరపిస్టు సగం పని వదిలేసినట్టే.

కాబట్టి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ప్రతి సిట్టింగ్ తర్వాత ఎంతసేపు కూర్చోగలిగారు, ఎన్ని మెట్లు ఎక్కారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, రాయండి. మూడు నాలుగు సిట్టింగులయ్యాక ఆ పుస్తకంలో తేడా లేకపోతే థెరపిస్టుతో మాట్లాడి ఆపేయండి, డాక్టరుకు చూపించుకోండి. తేడా ఉంటే వారానికోసారి నుంచి రెండు వారాలకోసారికి, తర్వాత అవసరమైతేనే అన్నట్టు దూరం పెరగాలి. ఫీజు కూడా ఏ రోజుకారోజే కట్టండి. ఖర్చు భరించలేనివాళ్లు నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల ఫిజియోథెరపీ విభాగంలో అడగండి. అక్కడ ఆస్టియోపతి అనే పేరు ఉండకపోవచ్చు, చేతి చికిత్స, వ్యాయామం దొరుకుతాయి.

మా అత్తమ్మ నాలుగో సిట్టింగ్ తర్వాత మానేశారు, థెరపిస్టే ఇక అక్కర్లేదన్నారు. పొద్దున లేవగానే గోడకు ఆనుకుని చేసే రెండు వ్యాయామాలు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం మాత్రం మానలేదు. ఎముకల సంగతి చూసి తల మీద బరువు వద్దన్నారు కాబట్టి ఆ ఏడాది లాల్‌దర్వాజ బోనాలకు కుండ నేను ఎత్తుకున్నాను. ఆవిడ నా పక్కనే గుడి దాకా నడిచారు. దారిలో ఎక్కడా కూర్చోలేదు.